చిన్న వేరు, మూడు పేర్లు: రాడిక్కియో పదవ్యుత్పత్తి - పాతబస్తీ కాస్నీ

వ్యాససంగ్రహం:

రాడిక్కియో ఇటలీ దేశపు ఆకుకూర. ఆ పేరుకు మూలార్థం ‘చిన్న వేరు’. అదే జాతి మొక్క హైదరాబాదు పాతబస్తీ యునానీ వైద్యంలో ‘కాస్నీ’గా, తెలుగువారి ఫిల్టర్ కాఫీలో ‘చికోరీ’గా వాడుకలో ఉంది. ఒక చోట ఆకు, ఒక చోట గింజ, ఒక చోట వేరు ప్రధానమైనందువల్ల ఈ మూడు పేర్లూ ఒకే మొక్కవన్న సంగతి మరుగునపడింది. ఈ పేర్ల వ్యుత్పత్తిని, రాడిక్కియో పదంలో జరిగిన ధ్వనిపరిణామాన్ని, అర్థవిపరిణామాన్ని తెలుగు ఉదాహరణలతో పోల్చి వివరించడం, మొక్కల పేర్లను నిఘంటువుల్లో నమోదు చేసే పద్ధతికి ఒక సూచన చేయడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: రాడిక్కియో, కాస్నీ, చికోరీ, పదవ్యుత్పత్తి, అర్థవిపరిణామం, యునానీ, పాతబస్తీ, నిఘంటు నిర్మాణం.

1. ఉపోద్ఘాతం:

చార్మినార్ పక్కన ప్రభుత్వ నిజామియా జనరల్ ఆసుపత్రి, దానికి అనుబంధంగా నిజామియా తిబ్బీ కళాశాల ఉన్నాయి. ‘తిబ్’ అంటే అరబ్బీలో వైద్యం. యునానీ వైద్యానికి దక్షిణభారతంలో ఇది ముఖ్యకేంద్రం. ఇక్కడి హకీములు రాసే మందుల్లో, చుట్టుపక్కల దవాసాజ్ దుకాణాల్లో తూచి ఇచ్చే దినుసుల్లో తరచుగా వినిపించే పేరు ‘కాస్నీ’. అదే నగరంలో కొన్ని సూపర్‌మార్కెట్లలో, పెద్ద హోటళ్ల సలాడ్లలో ఊదా ఎరుపు ఆకులు, తెల్లని ఈనెలు గల ఒక కూర కనిపిస్తుంది. చూడడానికి ఎర్ర క్యాబేజీలా ఉండే ఆ కూర పేరు రాడిక్కియో. ఇక కాఫీపొడి పొట్లం మీద ‘చికోరీ’ అన్న మాట తెలుగువారందరికీ పరిచితమే.

వృక్షశాస్త్రం ప్రకారం ఈ మూడూ ఒకే జాతికి చెందినవి. లిన్నేయస్ 1753లో ఆ జాతికి ‘సికోరియం ఇంటిబస్’ అని పేరు పెట్టాడు. ఇది చామంతి, పొద్దుతిరుగుడు ఉన్న కుటుంబంలోనిది. క్యాబేజీతో దీనికి చుట్టరికం లేదు. తినడానికి సాగుచేసే ఆకురకం రాడిక్కియో. కాఫీలో కలిపేందుకు సాగుచేసే లావువేరు రకం చికోరీ. ఔషధంగా ఆకు, గింజ, వేరు అన్నీ ఉపయోగపడేది కాస్నీ. రకాలు వేరైనా జాతి ఒకటే. మరి పేర్లు ఇంత దూరంగా ఎందుకున్నాయి? ఆ దూరం భాషాధ్యయనానికి ఏం చెబుతుంది?

2. రాడిక్స్ నుంచి రాడిక్కియోకు - ధ్వనిపరిణామం:

లాటిన్‌లో ‘రాడిక్స్’ అంటే వేరు. దాని అంగరూపం ‘రాడిక్-’. దీనికి అల్పార్థక ప్రత్యయం చేరగా ‘రాడికుల’ ఏర్పడింది; అర్థం ‘చిన్న వేరు’. గింజ మొలకెత్తేటప్పుడు మొదట బయటికి వచ్చే ప్రథమమూలానికి వృక్షశాస్త్రంలో వాడే ‘రాడికిల్’ అన్న మాట దీని నుంచే వచ్చింది.

రాడిక్కియో పుంలింగ రూపం కాబట్టి దానికి మూలంగా వ్యావహారిక లాటిన్‌లో ‘రాడికులుమ్’ వంటి రూపాన్ని భాషాశాస్త్రజ్ఞులు ఊహించారు. తర్వాతి పరిణామం ఇటాలియన్ భాషలో సూత్రబద్ధంగా కనిపిస్తుంది. మొదట ‘కు’లోని ఊనని అచ్చు లోపించి ‘-క్ల-’ అనే సంయుక్తాక్షరం మిగులుతుంది. అది ఇటాలియన్‌లో ‘-క్కియ-’ అవుతుంది. కన్ను అనే అర్థంగల ‘ఒకులుస్’ ‘ఒక్కియో’గా, అద్దం అనే అర్థంగల ‘స్పెకులుమ్’ ‘స్పెక్కియో’గా మారింది ఈ పద్ధతిలోనే. కాబట్టి రాడిక్కియో వ్యుత్పత్తి కేవలం ధ్వనిసామ్యం మీద ఆధారపడింది కాదు. అనేక పదాల్లో ఒకే విధంగా జరిగిన మార్పు దానికి సాక్ష్యం.

తెలుగు విద్యార్థికి ఈ మార్పు కొత్తగా అనిపించదు. అగ్ని - అగ్గి, పక్షి - పక్కి వంటి జంటలను ప్రకృతి వికృతులుగా చిన్ననాటి నుంచే చదువుకుంటాడు. భిన్న హల్లుల సంయోగం ద్విత్వంగా మారడం ప్రాకృతాల ద్వారా తెలుగుకు వచ్చిన తద్భవాల్లో ప్రధాన లక్షణం. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం పదాలను తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని విభజించింది. ఆ పరిభాషను ఇటాలియన్‌కు అన్వయిస్తే, లాటిన్ ‘రాడికులుమ్’కు రాడిక్కియో తద్భవం. అదే మాటను మార్పు లేకుండా తీసుకున్న ఇంగ్లీషులో, ఇంగ్లీషు ద్వారా అందుకుంటున్న తెలుగులో అది అన్యదేశ్యం.

లిప్యంతరీకరణలోనూ ఒక జాగ్రత్త అవసరం. రోమన్ లిపిలో ఈ పదం మధ్యనున్న అక్షరాలను ఇంగ్లీషు అలవాటుతో చదివితే ‘రాడిచియో’ అని పలికే ప్రమాదముంది. ఇటాలియన్‌లో ఆ అక్షరాలు ద్విత్వ కకారాన్ని సూచిస్తాయి. అందువల్ల తెలుగులో ‘రాడిక్కియో’ అన్న రూపమే మూలోచ్చారణకు దగ్గరగా ఉంటుంది.

3. వేరు నుంచి ఆకుకు - అర్థవిపరిణామం:

ధ్వనిమార్పు కన్నా అర్థంలో వచ్చిన మార్పు ఆసక్తికరమైనది. వేరును చెప్పే మాట ఆకుకూరకు ఎలా పేరైంది? దీన్ని మూడు దశలుగా చూడవచ్చు.

మొదటిది, అల్పార్థం అరిగిపోవడం. లాటిన్‌లో చెవి ‘ఔరిస్’. ‘చిన్న చెవి’ అనే అర్థంలో ‘ఔరికుల’ ఏర్పడింది. ఇటాలియన్‌లో దాని నుంచి వచ్చిన ‘ఒరెక్కియో’ చిన్నదా పెద్దదా అన్న ప్రసక్తి లేకుండా చెవికే పేరైంది. రాడిక్కియో విషయంలోనూ చిన్నతనం పోయింది. నిజానికి ఈ మొక్కది చిన్న వేరు కాదు. నేలలోకి లోతుగా దిగే తల్లివేరు.

రెండవది, భాగం పేరు మొత్తానికి చెల్లడం. ప్రాచీన లాటిన్‌లోనే ‘రాడికుల’ చిన్న వేరుతో పాటు ముల్లంగికీ, మరికొన్ని మొక్కలకూ పేరుగా ఉంది. అవయవాన్ని చెప్పి అవయవిని గ్రహింపజేయడం మన అలంకారశాస్త్రం లక్షణావృత్తిలో వివరించిన విషయమే.

మూడవది, మొక్క పేరు అందులో తినే భాగానికి స్థిరపడడం. పొలాల్లో దానంతట మొలిచే ఈ మొక్క ఆకులు నేలకు అంటుకుని గుత్తిగా ఉంటాయి. ఆ గుత్తి విడిపోకుండా రావాలంటే వేరు కొసతో సహా కోయాలి. పాతబస్తీ మీర్ ఆలం మండీలో కొత్తిమీర, మెంతికూర కట్టలు వేళ్లతోనే కనిపించడం ఇటువంటిదే. తినేది ఆకైనా చేతికి వచ్చేది వేరుతో ఉన్న కట్ట.

ఇటలీ వెనెతో ప్రాంతంలోని త్రెవీసో పట్టణం పేరుతో ప్రసిద్ధమైన రాడిక్కియో సాగులో ఈ సంబంధం నేటికీ కళ్లకు కనిపిస్తుంది. ఐరోపా సమాజం 1996లో దీనికి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఆలస్యంగా కోతకు వచ్చే రకాన్ని చలికాలంలో వేళ్లతో పీకి, వెలుతురు చొరని చోట వేళ్లు నీటిలో మునిగేలా నిలబెడతారు. వేరులో నిల్వ ఉన్న శక్తితో లోపలి నుంచి కొత్త ఆకులు వస్తాయి. వెలుతురు లేనందున వాటిలో ఆకుపచ్చదనం చేరదు; ఈనెలు తెల్లగా, అంచులు ఎర్రగా ఉంటాయి; చేదు తగ్గుతుంది. పై ఆకులు ఒలిచి, కొద్దిపాటి వేరుముక్క చెక్కి ఉంచి అమ్ముతారు. పేరు ఈ పద్ధతి కన్నా పాతదే. అయినా వేరును మరచిన పేరుకు ఈ సాగు మళ్లీ సార్థకత కల్పించింది.

ఇటువంటి పరిణామాలు తెలుగులో కొల్లలు. నువ్వుల నెయ్యి ‘నూనె’. నేడు వేరుసెనగ నూనె, కొబ్బరినూనె అనడానికి ఎవరూ సంకోచించరు. రాగి పాత్ర ‘చెంబు’. నేడు స్టీలు చెంబు కూడా చెంబే. ‘వేరుసెనగ’ మరింత దగ్గరి పోలిక. అందులో తినేది వేరు కాదు, గింజ. ఆ కాయ వేరుకు కాయదు. పువ్వు నుంచి దిగిన ఊడ మట్టిలోకి చొచ్చుకుపోయి అక్కడ కాయగా మారుతుంది. మట్టిలోనిదంతా వేరే అన్న లోకదృష్టి ఆ పేరు పెట్టింది. ప్రజలు పెట్టిన పేరు ప్రజలు చూసిన తీరుకు సాక్ష్యం. శాస్త్రదృష్టితో అది తప్పని కొట్టివేయడం భాషాచరిత్రను పోగొట్టుకోవడమే.

4. వేరు, మూలం, అసలు:

లాటిన్ ‘రాడిక్స్’ సంతానం విస్తృతమైనది. ఇంగ్లీషులో ముల్లంగిని చెప్పే ‘ర్యాడిష్’, తెలుగు రాజకీయ పరిభాషలో స్థిరపడిన ‘రాడికల్’ కూడా దాని నుంచే వచ్చాయి. ఒకే మాట ఇంగ్లీషులో దుంపకూరకూ, ఇటాలియన్‌లో ఆకుకూరకూ పేరైంది. ముల్లంగి, రాడిక్కియో వేర్వేరు కుటుంబాల మొక్కలు. పేర్లకు ఉన్న బంధుత్వం మొక్కలకు లేదు.

సంస్కృతంలోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది. ‘మూల’ అంటే వేరు. ‘మూలక’ అంటే ముల్లంగి. దాని నుంచి వచ్చిన ‘మూలీ’ పాతబస్తీ దక్ఖనీలో నిత్యవ్యవహారంలో ఉంది. లాటిన్, సంస్కృతాలు రెండూ వేరును చెప్పే శబ్దానికి ప్రత్యయం చేర్చి కూరకు పేరు పెట్టుకున్నాయి.

అరబ్బీలో వేరుకు, మొదలుకు ‘అస్ల్’ అని పేరు. పాతబస్తీ దవాసాజ్ దుకాణంలో ‘అస్ల్-ఉస్-సూస్’ అంటే ‘సూస్ అనే మొక్క వేరు’. తెలుగులో దాని పేరు అతిమధురం. గ్రీకులో దానికే ‘తీపి వేరు’ అనే అర్థంగల పేరు ఉంది. ఇంగ్లీషు ‘లికరిస్’ దాని రూపాంతరం. గ్రీకు పేరు రుచినీ వేరునూ రెండింటినీ చెబితే, అరబ్బీ పేరు వేరును, తెలుగు పేరు రుచిని మాత్రమే పట్టుకున్నాయి. ఆ ‘అస్ల్’ శబ్దమే పారసీ, ఉర్దూల మీదుగా తెలుగులో ‘అసలు’ అయింది. అప్పు లెక్కలో అసలు, వడ్డీ అంటాం. అసలుకే సంస్కృతసమం ‘మూలధనం’. రెండు భిన్న భాషాకుటుంబాల నుంచి వచ్చిన ఈ రెండు మాటల్లోనూ ధనానికి వేరు ఉందన్న ఒకే ఊహ దాగి ఉంది.

దేశ్యమైన ‘వేరు’ శబ్దం ప్రయాణమూ చిన్నది కాదు. తెలుగు ‘వట్టివేరు’కు సోదరరూపమైన తమిళ ‘వెట్టివేర్’ ఫ్రెంచి ద్వారా ప్రపంచ సుగంధ వాణిజ్యంలో ‘వెటివర్’ అయింది. వేరును చెప్పే ‘వేరు’, భిన్నమైన అనే అర్థంగల ‘వేఱు’ ప్రాచీన తెలుగులో రేఫ, శకటరేఫల భేదంతో రెండు పదాలు. శకటరేఫ ఉచ్చారణ రేఫలో కలిసిపోవడంతో నేడు ఒకే రూపంలో కనిపిస్తున్నాయి. రూపం ఒకటైనంత మాత్రాన మూలం ఒకటి కాదనడానికి ఇది ఇంటిలోని ఉదాహరణ.

5. పాతబస్తీలో కాస్నీ:

‘కాస్నీ’ పారసీ పదం. ఉర్దూ ద్వారా హైదరాబాదు వ్యవహారంలోకి వచ్చింది. ఈ మొక్క పూలు లేత నీలం, ఊదాల మధ్య రంగులో ఉంటాయి. అందువల్ల ఉర్దూలో ‘కాస్నీ’ ఒక రంగుకు కూడా పేరైంది. రాడిక్కియో అన్న మాట వేరును చూస్తే, కాస్నీ రంగు అన్న మాట పువ్వును చూస్తుంది.

యునానీ వైద్యులు కాలేయానికి, మూత్రసంబంధ బాధలకు, జ్వరాలకు దీన్ని చలువచేసే ఔషధంగా వాడుతారు. ఇక్కడి పదజాలంలో ఒక క్రమశిక్షణ ఉంది. మొక్క పేరును ఒంటరిగా వదలరు. వాడవలసిన భాగాన్ని ముందు చెబుతారు. ‘తుఖ్మ్-ఎ-కాస్నీ’ అంటే కాస్నీ గింజ. ‘బేఖ్-ఎ-కాస్నీ’ అంటే కాస్నీ వేరు. ‘బర్గ్-ఎ-కాస్నీ’ అంటే ఆకు. ‘ఆబ్-ఎ-కాస్నీ’ ఆకురసం. ‘అరఖ్-ఎ-కాస్నీ’ బట్టీపట్టి తీసిన ద్రవం. పాతబస్తీ ఫలూదాలో వేసే సబ్జా గింజలకు యునానీ పేరైన ‘తుఖ్మ్-ఎ-రైహాన్’లోనూ ఈ ‘తుఖ్మ్’ శబ్దమే ఉంది. వేసవిలో వాడే ‘షర్బత్-ఎ-బజూరీ’ పేరుకు ‘గింజల షర్బత్’ అని అర్థం. అందులో కాస్నీ గింజలు, కాస్నీ వేరు రెండూ చేరుతాయి.

ఇటాలియన్‌లో భాగం పేరు మొక్క పేరులో కరిగిపోయింది. యునానీ పరిభాషలో మొక్క పేరు, భాగం పేరు విడివిడిగా నిలిచాయి. మొదటిది వంటింటి అవసరం, రెండవది వైద్యుని అవసరం. కూర కొనేవారికి ఏది తినాలో కంటికి తెలుస్తుంది. మందు కొనేవారికి తెలియదు, మాటే చెప్పాలి.

6. హిందబా - ఒక లోకనిరుక్తి:

అరబ్బీ వైద్యగ్రంథాల్లో ఈ మొక్క పేరు ‘హిందబా’. ఇబ్న్ సీనా (మరణం 1037) దీని గురించి ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథం రాశాడు. ఆకును కడగకుండా వాడాలన్న వైద్యుల మాటకు కారణం వివరించడం దాని విషయం.

‘హిందబా’ వినగానే ‘హింద్’ స్ఫురిస్తుంది. కాని ఈ పదానికి భారతదేశంతో సంబంధం లేదు. అది అరమాయిక్ రూపాల మీదుగా అరబ్బీలోకి వచ్చింది. గ్రీకు ‘ఎంటుబోన్’, లాటిన్ ‘ఇంటుబుస్’ దానికి జ్ఞాతిరూపాలు. లిన్నేయస్ పేరులోని ‘ఇంటిబస్’, నేటి ‘ఎండైవ్’ ఆ కోవలోనివే. ‘సికోరియం’ గ్రీకు ‘కిఖోరియోన్’ నుంచి వచ్చింది. ఈజిప్టులో అడవిరకాన్ని ఆ పేరుతో పిలుస్తారని క్రీస్తుశకం 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ పేర్కొన్నాడు. ‘చికోరీ’ దాని ఆధునికరూపం.

అలాగే ‘కాస్నీ’ని సంస్కృతంలో దగ్గును చెప్పే ‘కాస’ శబ్దంతో ముడిపెట్టి, దగ్గును పోగొట్టేది అని వివరించాలన్న ఆకర్షణ కలగవచ్చు. పదం పారసీది, యునానీలో ప్రధాన ప్రయోగం కాలేయానికి. చరిత్రా ప్రయోగమూ రెండూ ఆ నిరుక్తిని సమర్థించవు.

7. చికోరీ:

తెలుగువారికి ఈ మొక్క వేరుగానే తెలుసు, అదీ పొడిరూపంలో. నెపోలియన్ 1806లో బ్రిటన్ వాణిజ్యాన్ని దిగ్బంధించినప్పుడు కాఫీగింజల కొరత ఏర్పడి, ఫ్రాన్సులో చికోరీ వేరును వేయించి వాడడం బాగా వ్యాపించింది. వేరులోని ఇన్యులిన్ అనే పిండిపదార్థం వేయించినప్పుడు మాడిన చక్కెర రంగు, వాసన ఇస్తుంది. భారతదేశంలో గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో ఈ వేరు పండుతుంది. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదని ఆహార భద్రతా నిబంధన. ఇక్కడ వ్యుత్పత్తి ఒక వింత చూపుతుంది. వేరును తినని చోట మొక్క పేరు ‘చిన్న వేరు’. వేరు మాత్రమే వాడే చోట దాని పేరులో వేరు ప్రసక్తే లేదు.

8. పేర్ల పొరపాటు - నిఘంటుకారుని బాధ్యత:

ఈ చర్చ పదవినోదంతో ముగిసేది కాదు. కాస్నీకి దగ్గరగా వినిపించే పేర్లు కనీసం రెండు ఉన్నాయి. ఒకటి ‘కసూస్’. అది మరో మొక్క, బంగారుతీగ జాతికి చెందినది. ‘షర్బత్-ఎ-దీనార్’ అనే యునానీ మందులో తుఖ్మ్-ఎ-కాస్నీ, తుఖ్మ్-ఎ-కసూస్ రెండూ పక్కపక్కనే ఉంటాయి. రెండవది తెలుగు నేల మీద బీళ్లలో, బాటల పక్కన విరివిగా మొలిచే ‘కసివింద’. హిందీలో దాన్ని ‘కసౌందీ’ అంటారు.

ఈ రెండవ పోలిక ప్రమాదకరమైనది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో చిన్నపిల్లల కాలేయాన్ని, కండరాలను, మెదడును దెబ్బతీసి ప్రాణాలు తీసిన వ్యాధికి కసివింద గింజలు తినడమే కారణమని 2000 తర్వాతి దశకంలో వైద్యపరిశోధకులు నిర్ధారించారు. ఒకటి కాలేయానికి మేలని వాడే గింజ. మరొకటి కాలేయాన్ని పాడుచేసే గింజ. చెవికి రెండు పేర్లూ ‘కస’తోనే మొదలైనట్లు వినిపిస్తాయి. ఉర్దూలో చెప్పిన పేరును తెలుగులో రాసుకుని, ఊరికి వెళ్లి తెలిసినవారిని అడిగే రోగికి ఈ తేడా చెప్పగలిగింది నిఘంటువే.

కేవలం ‘కాస్నీ: ఒక మొక్క’ అని ఇచ్చే ఆరోపం ఈ పని చేయలేదు. మొక్కల పేర్లకు సంబంధించిన ఆరోపంలో కనీసం నాలుగు అంశాలు ఉండాలి. మొదటిది శాస్త్రీయనామం. రెండవది భాషలవారీగా వాడుక పేర్లు. ఇక్కడ కాస్నీ, చికోరీ, రాడిక్కియో పరస్పరం సూచింపబడాలి. మూడవది వాడే భాగం. తుఖ్మ్, బేఖ్, బర్గ్ వంటి పూర్వపదాలకు గింజ, వేరు, ఆకు అన్న తెలుగు సమానార్థకాలు. నాలుగవది ధ్వనిసామ్యం వల్ల పొరబడే అవకాశమున్న ఇతర పేర్లు. హైదరాబాదు వంటి బహుభాషానగరంలో వైద్యపదజాలాన్ని సేకరించే పరిశోధకులకు ఈ నాలుగవ అంశం ముఖ్యమైనది. పాతబస్తీ దవాసాజ్‌ల నోట వినిపించే పేర్లను ఉచ్చారణతో, దినుసు నమూనాతో సహా నమోదు చేసే క్షేత్రపరిశోధన తెలుగు, ఉర్దూ, వృక్షశాస్త్ర విభాగాలు కలిసి చేయదగినది.

9. ముగింపు:

రాడిక్కియో లాటిన్ ‘రాడిక్స్’ శబ్దానికి అల్పార్థక రూపం నుంచి సూత్రబద్ధమైన ధ్వనిమార్పుతో ఏర్పడింది. దాని అర్థం చిన్న వేరు నుంచి మొక్కకు, మొక్క నుంచి ఆకుకు మారింది. అదే జాతి మొక్క పాతబస్తీలో గింజగా, వేరుగా, రసంగా, చివరికి ఒక రంగుగా కాస్నీ పేరుతో నిలిచింది. కాఫీలో చికోరీ అయింది. వేరును చూసినవారు ఒక పేరు, పువ్వును చూసినవారు ఒక రంగు, రోగిని చూసినవారు ఒక మందు గుర్తించారు. వ్యుత్పత్తి ఆ చూపులను వివరిస్తుంది. కాని చేతిలోని గింజ ఏదో వ్యుత్పత్తి చెప్పదు. ధ్వనిసామ్యం అసలే చెప్పదు. మొక్క పేరును, భాగం పేరును, పొరబడే పేరును వేర్వేరుగా చూపే నిఘంటువు మాత్రమే ఆ సంగతి చెప్పగలదు. అటువంటి నిఘంటువుకు కావలసిన పదసంపద చార్మినార్ చుట్టూ ఇంకా వ్యవహారంలోనే ఉంది.